కరెంటు పోయినప్పటి లెక్క

బస్రా, మే 19

మేనకోడలు పిల్లా నవార్,

ఉత్తరాన్ని చింపే ముందు చివరిదాకా చదువు. సంచీ మాత్రం ఇప్పుడే విప్పుకో. అందులో ఉన్నవి ఎండు నిమ్మకాయలు, మీ అమ్మ ఎండబెట్టినవి, నేను వేలు కూడా పెట్టలేదు. కాబట్టి లోపల కప్ప ఉందేమోనని కర్రతో కదిలించి చూడక్కర్లేదు.

ఫోన్‌లో నా నంబరు నుంచి మాట రాకుండా మూసేశావు. సరే, మూసుకో. మీ హాస్టల్ వార్డెనమ్మ గొంతు పెట్టి "నవార్, నీ గదిలో కోడిపుంజును పెంచుతున్నావని ఫిర్యాదు వచ్చింది" అన్నది నేనే. కానీ నువ్వు పరుగెత్తుకెళ్ళి ఆవిడ తలుపు బాది, "మేడమ్, అది పుంజు కాదు, నా అలారం" అని అందరి ముందూ ఏడుస్తావని నేనేమైనా కలగన్నానా? ఇంజనీరు కాబోయే పిల్లవు, ఒక్క నిమిషం ఆలోచించుకోవద్దూ? అయినా మన డ్రైవరు దావూద్ బస్రా నుంచి మోసుల్‌కు కారు తోలినన్నాళ్ళు నా నోరు ఎవరూ మూయలేరు. ఆయన ఆ కారులో గొర్రెల్ని మోశాడు, పెళ్ళికూతుళ్ళను మోశాడు. నా చేతిరాత ఎంత బరువు?

ఇక అసలు సంగతి. చివరి ఏడాది ప్రాజెక్టుకు విషయం దొరక్క గోళ్ళు కొరుక్కుంటున్నావని మీ అమ్మ చెప్పింది. నా దగ్గర ఒకటుంది. నవ్వకు.

నేను నడిపే ఆటల హాలులో కిటికీ పక్క కంప్యూటరు గుర్తుందా? దాని మీద పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతుంటే బంతి ఆగి ఆగి పోతోంది. గోల్‌కీపరు గాలిలోకి ఎగిరి, అక్కడే వేలాడుతూ, ఇంటికి ఏం కూరలు తీసుకెళ్ళాలా అని ఆలోచిస్తున్నాడు. నాకు విసుగొచ్చింది. కంప్యూటరు మేలుకునేటప్పుడు మీట నొక్కితే నీలం తెర వస్తుందే, అందులోకి దూరి, ప్రాసెసర్‌లో పనిచేసే ఎనిమిది భాగాల్లో, అదే కోర్లలో, నాలుగు ఆపేశాను. ఎందుకాపావంటే ఏం చెప్పను? ఏదో ఒకటి కెలక్కుండా కూర్చోలేను. అంతే, బంతి నూనె రాసినట్టు దొర్లింది! పిల్లలు నా నెత్తి మీద ముద్దు పెట్టారు. జేబులు తడిమి చూసుకున్నాను, ఏమీ పోలేదు. నిజం ముద్దే.

నా సిద్ధాంతం ఏమిటంటే, ఎనిమిది మంది కలిసి ఒక్క చేపను తోమితే మోచేతులు తగులుకుంటాయి. నలుగురిని వీధిలోకి తోలు, చేప తళతళలాడుతుంది. సగం కోర్లు ఆపేస్తే ఆట బాగా నడుస్తుందా, నడవదా? ఇది ప్రాజెక్టు కాదూ? సగం బుర్ర మూసుకునే కదా నేను ఇన్నేళ్ళూ హాయిగా బతికింది.

జవాబు దావూద్ చేతికే ఇవ్వు. తిరుగు ప్రయాణంలో ఖాళీగా వస్తే ఆయనకు నిద్రపడుతుంది.

నీ మామ ఖలఫ్
(పెళ్ళికాని పాపానికి వీధి వీధంతా 'అబూ గాయిబ్', అంటే 'లేనివాడి తండ్రి', అని పిలిచేది నన్నే. ఇంకా పుట్టని ఆ కొడుక్కి నా దీవెనలు.)


మోసుల్, మే 24

మామా,

సలాం. నిమ్మకాయలు అందాయి. కర్రతోనే కదిలించాను.

నీ మీద కోపం తగ్గలేదు. వార్డెన్ ఇప్పటికీ నన్ను చూస్తే "పుంజు కులాసాయేనా?" అంటున్నారు. కానీ వేరే దారి లేక నీ విషయమే పట్టుకెళ్ళి మా ప్రొఫెసరు డాక్టర్ యూనిస్ బల్ల మీద పెట్టాను. ఆయన కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుని, "కోర్లు ఆపేస్తే ఆట మెరుగవుతుందా? కుర్రకారు రోజూ వాదించుకునేదేగా. సరే, తేల్చు" అన్నారు. ఒక షరతు పెట్టారు. కాలేజీ ల్యాబులో కొలిస్తే ఎవరైనా కొలుస్తారు, జనం నిజంగా ఆడుకునే హాలులో కూడా కొలవాలి, రెండూ పక్కపక్కన పెట్టాలి. అలాంటి హాలు నాకు తెలుసని చెప్పాను. చెప్పి బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాను. నా చదువు నీ చేతిలో పెట్టానని అప్పుడు వెలిగింది.

జూన్ 22న ఐదుగురు పెద్దల కమిటీ ముందు నిలబడాలి. తప్పితే ఏడాదంతా మళ్ళీ చదవాలి. ఒక్క ఏడాది కూడా ఎక్కువ ఇక్కడ ఉంచనని అమ్మ ముందే తేల్చి చెప్పింది, నీకూ తెలుసు. అంటే తప్పితే డిగ్రీ లేనట్టే. అందుకే ఇది ఆట కాదు మామా. ఒక్కసారి, పుట్టాక ఒక్కసారి, ఆట కాదు.

కిటికీ పక్క కంప్యూటరులో ఉన్న ప్రాసెసరే మా ల్యాబులోనూ ఉంది. నువ్వు చెప్పిన ఫుట్‌బాలే పెట్టి చూశాను. ఎనిమిది కోర్లతో తెర మీద సెకనుకు డెబ్బై బొమ్మలు పడుతున్నాయి, ఎన్ని ఎక్కువ పడితే ఆట అంత సాఫీ. నాలుగు ఆపితే అరవై నాలుగే. అంటే నీ చేప ఇక్కడ శుభ్రపడలేదు. నువ్వు కూడా సెకనుకు ఎన్ని బొమ్మలు పడుతున్నాయో చూసి రాయి. తెర మూలన అంకె కనబడేట్టు ఎలా పెట్టాలో వెనక పేజీలో రాశాను. ఉన్నదున్నట్టు రాయి. అలంకారాలు వద్దు.

నవార్


బస్రా, మే 29

ఇంజనీరమ్మగారికి,

అలంకారాలు వద్దన్నావు గనుక మొదటే అంకెలు. ఎనిమిది కోర్లతో ముప్పై ఒకటి, అదీ నత్తి నత్తిగా. నాలుగు ఆపాక యాభై రెండు, పాలు పోసినట్టు. మళ్ళీ మళ్ళీ చూశాను, మళ్ళీ మళ్ళీ అంతే. మీ ల్యాబులో ఉన్నది ప్రాసెసరేనా, లేక డాక్టర్ యూనిస్ గారు దాచుకున్న బిస్కత్తా?

కొలవడం ఎంత కష్టమో నీకేం తెలుసు. సర్కారు కరెంటు ఉన్నంతసేపూ నా హాలులో ఈగలే. అది పోయిందో, తలుపు విరిగేలా వస్తారు. ఇళ్ళకు వీధి జనరేటరు వాడు అమ్మే మూడు ఆంపియర్ల కరెంటు ఫ్రిజ్జుకు సరిపోతే ఫ్యానుకు చాలవు, ఫ్యానుకు సరిపోతే అమ్మమ్మ తిట్లకు చాలవు. నేను కంప్యూటర్లు నడిచేటన్ని ఆంపియర్లు కొంటాను, అందుకని పిల్లలందరూ నా దగ్గరకే. నేను కొలిచినవన్నీ ఆ నిండు హాలులోనే. ఒకడు నా భుజం మీద గడ్డం ఆనించి, ఇంకొకడు నా మోకాలి మీద కూర్చుని, "అబూ గాయిబ్, ఇంకా ఎంతసేపు?" "అబూ గాయిబ్, నీ కోడలికి ఉద్యోగమొస్తే మాకు కొత్త కుర్చీలు కొంటుందా?" అని ప్రాణాలు తోడేస్తుంటే కొలిచాను.

కొత్తగా వచ్చిన ఒక పొడుగు కాళ్ళవాడి చేతికి సీసా ఇచ్చి, "జనరేటరు హాతిం దగ్గర అర లీటరు ఆంపియర్లు పోయించుకురా, మూత గట్టిగా బిగించుకో, కారిపోతాయి" అని పంపాను. వాడు నిజంగానే పోయాడు. హాతిం కూడా తక్కువ తిన్నవాడు కాదు, సీసాలో డీజిలు పోసి, "ఇవి ముదురు ఆంపియర్లు, కదపకుండా తీసుకెళ్ళు" అని పంపాడు. ఇలాంటి రాజ్యంలో నీ ప్రాజెక్టు నడుస్తోంది. గర్వపడు.

అంకెలు మాత్రం నిజం. నా తల్లి సమాధి సాక్షి.

ఖలఫ్


మోసుల్, జూన్ 4

మామా,

అమ్మమ్మ సమాధిని ఇందులోకి లాగకుండా ఉండాల్సింది.

ఒకటే ప్రాసెసరు, ఒకటే ఆట. ఇక్కడ కోర్లు ఆపితే తగ్గుతోంది, అక్కడ ఆపితే ఆకాశానికి ఎగురుతోంది. ఎలా? పుస్తకాలు తిరగేశాను, తోటివాళ్ళను అడిగాను. అందరూ ఒకే మాట అన్నారు: "కొలిచినవాడు ఎవరు?" ఎవరని చెప్పను? వార్డెన్ గొంతులో నాతో పుంజు గురించి మాట్లాడినవాడని చెప్పనా?

అందుకే అమ్మను పంపాను. నీకు చెప్పొద్దన్నాను. అమ్మ పొద్దున బడికి వెళ్ళే ముందు నీ హాలుకొచ్చింది, నువ్వు చూశావు, టీ కూడా ఇచ్చావట. నేను ఫోన్‌లో చెబుతుంటే తనే మీటలు నొక్కింది, తనే అంకెలు చదివింది. ఎనిమిది కోర్లతో అరవై తొమ్మిది. నాలుగు ఆపితే అరవై మూడు. కిటికీ పక్క కంప్యూటరే. సరిగ్గా మా ల్యాబు లెక్కే!

"ముప్పై ఒకటి" ఎక్కడిది మామా? "పాలు పోసినట్టు" ఎక్కడిది?

అమ్మ ఫోన్‌లో ఏమందో తెలుసా? "నా తమ్ముడు వాడి పెళ్ళి చూపులకే దొంగ మీసం పెట్టుకుని వెళ్ళాడు. నీ ప్రాజెక్టును వదులుతాడా?" అంది. నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు. ఇక్కడ కుర్చీలో కూర్చోలేక, నిలబడలేక, తింటున్నదేమిటో తెలియక తిరుగుతున్నాను. నీ అంకెలు కమిటీ ముందు పెడితే నన్ను చూసి నవ్వుతారు. పెట్టకపోతే హాలు కొలతలు లేవని తిప్పి పంపుతారు. రెండు వైపులా గొయ్యే. తవ్వింది నువ్వు.

ఇక కొలవొద్దు. నిమ్మకాయలు కూడా పంపొద్దు.

నవార్


బస్రా, జూన్ 8

నవార్,

అబద్ధాలకోరు ఇల్లు తగలబడిందట, ఎవడూ నమ్మలేదట. ఇదిగో, నా ఇల్లు తగలబడుతోంది. నువ్వేమో రోడ్డవతల నిలబడి "పొగ బాగా వేశావు మామా" అంటున్నావు.

అబద్ధమాడలేదు. ఇంకెలా చెప్పను? ఎలా చెప్పాలో నాకు తెలియదు. ఇన్నేళ్ళలో అబద్ధాన్ని నమ్మించడం ఎలాగో నేర్చుకున్నాను గానీ నిజాన్ని నమ్మించడం అలవాటు లేదు. దానికి ఏ ముఖం పెట్టాలో, ఏ గొంతు వాడాలో కూడా తెలియదు.

నీ ఉత్తరం చదివాక కుదురుగా కూర్చోలేకపోయాను. కోర్లు ఆపడం, తెరవడం, మళ్ళీ ఆపడం. పిల్లలు "అబూ గాయిబ్‌కు పిచ్చెక్కింది" అని వాళ్ళలో వాళ్ళు అనుకుంటూ, ఆటకిచ్చిన డబ్బులు మాత్రం అడగడానికి భయపడ్డారు. ప్రతిసారీ ముప్పై చిల్లరా, యాభై చిల్లరా. మొదట సబ్రీని అనుమానించాను. తెలుసుగా, ఎదురు టీ కొట్టు సబ్రీ. వాడూ నా జాతే. ఈమధ్య మోసుల్ యాస నేర్చుకుని, మోసుల్ మేయరునని ఒకరోజు, మోసుల్ ఆసుపత్రి నుంచని ఒకరోజు నాకు ఫోన్లు చేస్తున్నాడు. వీడే నా కంప్యూటరులో వేలు పెట్టాడేమోనని కాలరు పట్టుకున్నాను. వాడు ఖురాను మీద ప్రమాణం చేసి, "మీ కోడలి జోలికి నేనెందుకు పోతానురా గాడిదా" అన్నాడు. నిజమే చెప్పాడు, చెమటలు పట్టాయి పాపం వాడికి.

ఇక మీ అమ్మ. ఆవిడ లెక్క నీకు వేదం! పొద్దున సర్కారు కరెంటు ఉన్న వేళ మహారాణిలా వచ్చింది. ఏసీ గుర్రుమంటోంది, హాలులో నేనూ ఈగలూ తప్ప ఎవరూ లేరు. చల్లటి గాలి సరిగ్గా తన మీద పడేట్టు కుర్చీ జరుపుకుని, శాలువా కూడా కప్పుకుని, నాలుగు మీటలు నొక్కి, నేను దొంగనని తేల్చి వెళ్ళిపోయింది. అలా ఎవరైనా కొలుస్తారు. కరెంటు పోయాక రమ్మను! జనరేటరు ఆంపియర్లకు ఏసీ తిరగదు, ఫ్యాన్లు తిరిగినా వేడిగాలే. ముప్పై మంది పిల్లల ఊపిరి, బయట నలభై ఎనిమిది డిగ్రీల ఎండ. లోపల రొట్టె పెడితే పొంగుతుంది. అక్కడ కూర్చుని కొలవమను చూద్దాం. శాలువా కప్పుకుని!

ఇంతకన్నా రాయలేను. అప్పుడే అక్షరాలు కోడి కెలికినట్టున్నాయి. కోడి అన్నానని మళ్ళీ అపార్థం చేసుకోకు.

నీ మామ, ఈసారికి మాత్రం నిజమైనవాడు,
ఖలఫ్


మోసుల్, జూన్ 11

మామా!

డ్రైవరు దావూద్ గారు కారు తలుపు తీసి నిలబడ్డారు, ఆయన్ను ఆపి రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకో.

రొట్టె పెడితే పొంగుతుందన్నావే, అదే! మామా, వేడి! ప్రాసెసరు కాలిపోయేంత వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి పరుగు తగ్గించుకుంటుంది. ఎనిమిది కోర్లూ పనిచేస్తే ఎక్కువ వేడి. నీ హాలులో ఆ వేడి పోయే దారి లేదు, అందుకే అన్నీ కలిసి కుంటుతున్నాయి. నాలుగు ఆపితే వేడి తగ్గి మిగతా నాలుగూ దౌడు తీస్తున్నాయి. ఆ ఫుట్‌బాలుకు నాలుగు చాలు. మా ల్యాబులో ఎప్పుడూ చలి. అమ్మ వచ్చినప్పుడు నీ హాలూ చల్లగానే ఉంది. ఇక్కడ ఆపితే నష్టమే, అక్కడ కరెంటు పోయాక ఆపితే లాభం. ఎవరూ అబద్ధమాడలేదు! నేను బస్రాలో పుట్టి కూడా ఈ సంగతి మరిచిపోయాను చూడు, నాలుగేళ్ళు ఏసీలో కూర్చుంటే ఇంతే.

ఊహ చాలదు, కొలవాలి. హాలులో గాలి ఎంత వేడిగా ఉందో చూడటానికి ఒక థర్మామీటరు సంపాదించు. సర్కారు కరెంటు ఉండి ఏసీ నడుస్తున్నప్పుడు ఒకసారి, పోయాక హాలు నిండినప్పుడు ఒకసారి. రెండుసార్లూ ఎనిమిది కోర్లతోనూ, నాలుగుతోనూ. ఫుట్‌బాలే కాదు, ఆ కొత్త యుద్ధం ఆట కూడా పెట్టి చూడు, దానికి కోర్లు ఎక్కువ కావాలి. పద్దెనిమిదిలోగా నాకు చేరాలి.

మామా, బతిమాలుతున్నాను. ఒక్క అంకెనూ సవరించొద్దు. నీకు నచ్చకపోయినా సరే.

అమ్మకు నేను ఫోన్ చేసి చెబుతాను. నీకు కూడా ఒక మాట చెప్పాలి, ఇప్పుడు టైము లేదు, ఆయన హారన్ కొడుతున్నారు

నవార్


బస్రా, జూన్ 16

నవార్‌కు,

థర్మామీటరు దొరికింది. జనరేటరు హాతిం పావురాల గుడ్లు పొదిగించే పెట్టెలోది. "పిల్లలు పచ్చిగా పుడితే నీదే పాపం" అని ఇచ్చాడు. మేకుకు వేలాడదీసి, ముట్టుకున్నవాడికి వారం దాకా ఆట లేదని చాటించాను. జనం ఆట మానేసి దాన్నే చూస్తూ కూర్చున్నారు. నలభై మూడు దాటినప్పుడు చప్పట్లు కొట్టారు.

అంకెలు వేరే కాగితం మీద వరసగా రాసి పెట్టాను. క్లుప్తంగా చెబితే ఏసీ ఉన్నప్పుడు మీ అమ్మ గెలిచింది, పోయాక నేను గెలిచాను. ఆవిడ కూడా వచ్చింది మళ్ళీ. కరెంటు పోయాకే వచ్చింది, శాలువా లేకుండా. చెమట తుడుచుకుంటూ అంకె చూసి, "ఓరి నీ..." అని సగంలో ఆపింది. బడిపంతులమ్మ కదా, మిగతా సగం మింగేసింది. మా అక్క నన్ను నమ్మిన ముఖం ఎలా ఉంటుందో ఇన్నాళ్ళకు చూశాను.

ఇక ఆ యుద్ధం ఆట. దాన్ని నువ్వెందుకు తగిలించావే తల్లీ? అంత ఉక్కలోనూ దానికి కోర్లు ఆపితే దెబ్బే. ముప్పై ఆరు పడేది ఇరవై ఏడుకు పడిపోయింది. దానికి ఎనిమిది మందీ కావాలట, కుంటుతూ అయినా సరే. అంటే నా చేప సిద్ధాంతం చచ్చింది. పిల్లల ముందే చచ్చింది. ఆ 'ఇరవై ఏడు'ను 'నలభై ఏడు' చెయ్యడానికి ఒక్క గీత చాలు. కలం చేతిలోనే ఉంది. ఎవరూ చూడటం లేదు. ఎంత అందంగా ఉండేదో తెలుసా, అన్నిట్లో నేనే గెలిచినట్టు!

లేచి హాలు చుట్టూ తిరిగాను. టీ తాగాను. మళ్ళీ తిరిగాను. సబ్రీ "ఏంట్రా, కూనలు పోయిన పిల్లిలా తిరుగుతున్నావు?" అన్నాడు. చివరకు ఆ కాగితాన్ని అలాగే మడిచి, నా చేతికి మళ్ళీ అందకుండా తీసుకెళ్ళి దావూద్ కారు సీటు కింద పెట్టేశాను. ఈ ఉత్తరం దాని తర్వాత రాస్తున్నాను.

ఇరవై రెండున ఎన్నింటికి నీ పని? ఆ వేళకు హాలు మూసి కూర్చుంటాను. కూర్చోగలిగితే.

ఖలఫ్


బస్రా, జూన్ 22

నవార్, నా బంగారు కోడలా,

నాశనం చేశాను. చేతులారా, కాదు, నోరారా.

పొద్దున పదకొండు. కరెంటు లేదు. హాలు నిండుగా ఉంది, మూద్దామనుకున్నా పిల్లలు కదలలేదు. ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఒక మగ గొంతు, చిక్కటి మోసుల్ యాస, ప్రతి అక్షరం గొంతు అడుగు నుంచి తవ్వి తీస్తున్నట్టు. "ఖలఫ్ గారేనా? నేను మోసుల్ నుంచి డాక్టర్ యూనిస్‌ను మాట్లాడుతున్నాను" అన్నాడు.

నేనేమనుకుంటాను? నువ్వే చెప్పు. నెలగా సబ్రీగాడు మేయరు, ఆసుపత్రి, పోలీసు అయ్యాడు. ఇవాళ నీ పరీక్షని వీధంతా తెలుసు. ఆ రోజే వీడు డాక్టరయ్యాడనుకున్నాను. ఒళ్ళు మండింది.

"డాక్టరువా? నీ టీలో పంచదార తక్కువైతే నాలుకకు రోగమొస్తుంది, దానికి మందిస్తావా?" అన్నాను.

"మీరు పంపిన కొలతల గురించి అడగాలి. అవి నిజమైనవేనా?" అన్నాడు.

"ఒరే ముసలి ఒంటే! ఇవాళ కూడానా? నా కోడలు అక్కడ ఐదుగురు గడ్డాల ముందు వణుకుతూ నిలబడి ఉంటే నీకు వేళాకోళంగా ఉందా?"

"అంకెలు ఎవరు కొలిచారండీ?"

"నీ తాత కొలిచాడు! నేనురా, నేను కొలిచాను. ఈ తందూరులో కూర్చుని, ముప్పై మంది పిల్లల చంకల మధ్య కొలిచాను. అబద్ధం ఆడేవాడైతే యుద్ధం ఆటలో ఓడిపోయిన అంకె పంపుతాడురా, బుద్ధి లేదూ? నేను అబద్ధమాడితే అందంగా ఆడతాను, నీకు తెలియదూ? అన్నిట్లో నేనే గెలిచేవాణ్ణి! ఆ పిల్ల బతిమాలింది గనుక ఊరుకున్నాను. ఇంకొక్క మాట మాట్లాడావా, వచ్చి నీ టీ కాచే సమోవారు నీ నెత్తి మీద బోర్లిస్తాను!"

సరిగ్గా అప్పుడే గుమ్మంలో ఎవరో "అబూ గాయిబ్, టీ" అన్నారు. తిరిగి చూస్తే సబ్రీ. రెండు చేతుల్లో పళ్ళెం. చెవి దగ్గర ఫోన్ లేదు, ఏమీ లేదు. నా చెవిలో మాత్రం ఆ గొంతు ఇంకా దగ్గుతోంది. ఆ దగ్గు వెనక ఎవరెవరో ఉన్నట్టున్నారు. ఫోన్ కట్ చేశాను. ఎందుకు చేశాను! క్షమాపణ అడగొచ్చు కదా! నా వేలు నాకన్నా ముందు పారిపోయింది.

తిరిగి ఆ నంబరుకు చేస్తే ఎవరూ ఎత్తలేదు. నీకు చేద్దామంటే నా నంబరు మూసేశావు, సబ్రీ ఫోన్ నుంచి చేస్తే నీది ఆపేసి ఉంది. అక్క దగ్గరకు పరుగెత్తితే తను బడిలో పరీక్ష కాపలాకు వెళ్ళింది, ఫోన్లు గేటు దగ్గరే తీసుకుంటారట. గేటు అవతల నుంచి అరిచాను. పరీక్ష రాసే పిల్లలు నవ్వారు, వాచ్‌మన్ తరిమాడు. హాలుకొచ్చాను, కూర్చోలేను. సబ్రీ నా పక్కన నిలబడి, "నా వల్లేరా, ఇక ఎవరి గొంతూ పెట్టను" అంటున్నాడు. వాడు ఏడిస్తే నాకింకా భయం వేస్తోంది.

నువ్వు తప్పితే నేనే మోసుల్ వచ్చి ఆ డాక్టరు గారి గుమ్మంలో పడుకుంటాను. మీ అమ్మ నిన్ను మాన్పిస్తానంటే ఆవిడ గుమ్మంలోనూ పడుకుంటాను. ఏమైందో ఒక్క ముక్క రాయి. తిట్టు. కానీ రాయి.

ఖలఫ్


మోసుల్, జూన్ 25

మామా,

ముందు ఇది చదివి ఊపిరి పీల్చుకో. పాసయ్యాను. అమ్మకు ఆ సాయంత్రమే ఫోన్ చేశాను. ఆవిడ నీకు చెప్పే ఉంటుంది, నువ్వు నమ్మి ఉండవు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. పాసయ్యాను.

ఇక జరిగింది విను. ఐదుగురూ వరసగా కూర్చున్నారు. ల్యాబు అంకెలు చూసి తలలూపారు. నీవి చూడగానే ఒకాయన, "చలిలో ఒక లెక్క, వేడిలో ఒక లెక్క, బాగుంది. కానీ ఇవి ఎవరు తీశారు? నమ్మడమెలా?" అన్నారు. మా మామయ్య అని చెప్పాను. ఆయన ఏం చదువుకున్నారని అడిగారు. పిల్లల ఆటల హాలు నడుపుతాడన్నాను. డాక్టర్ యూనిస్ "అడిగితే పోలా" అని నా దగ్గర నీ నంబరు తీసుకుని, తన ఫోన్ తీసి, అందరికీ వినబడేట్టు పెట్టి, మధ్యలో బల్ల మీద ఉంచారు.

మామా, నువ్వన్న ప్రతి మాటా ఐదుగురూ విన్నారు. 'ముసలి ఒంటె' దగ్గర నా కాగితాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. 'ఐదుగురు గడ్డాలు' అన్నప్పుడు గడ్డం లేని ఇద్దరు ఒకరినొకరు చూసుకున్నారు. సమోవారు దాకా వచ్చేసరికి నేను గోడకు ఆనుకున్నాను. నువ్వు ఫోన్ పెట్టేశాక ముందు నవ్వింది అందరికన్నా పెద్దాయన. నవ్వి, నవ్వి, దగ్గొచ్చి, నీళ్ళు తాగారు. తర్వాత నీ కాగితం దగ్గరకు లాక్కుని, యుద్ధం ఆట దగ్గర వేలుపెట్టి, "నిజమే, దొంగ అయితే ఈ ఇరవై ఏడును ఇక్కడ ఉంచడు" అన్నారు. డాక్టర్ యూనిస్ మాత్రం నవ్వలేదు. "నన్ను ఒంటె అన్నారు, సరే. ముసలి అనడం అవసరమా?" అన్నారు.

"కోర్లు ఆపితే ఆట మెరుగవుతుందా, అవదా? ఒక్క మాటలో చెప్పు" అని చివరగా అడిగారు. "ముందు కరెంటు ఉందో లేదో చెప్పండి సార్" అన్నాను. అది కూడా నీ నోరే, నాకు తెలుసు.

ఆ రోజు దావూద్ గారు హారన్ కొట్టేశారు, చెప్పాల్సిన మాట మిగిలిపోయింది. నిన్ను దొంగ అనుకున్నాను, కొలవకుండానే. తప్పు నాది. అలాగని పొంగిపోకు. నీ నంబరు ఇంకా మూసే ఉంది. నాకు డిగ్రీ వచ్చింది గానీ మతి పోలేదు.

నిన్న డాక్టర్ యూనిస్ పిలిపించారు. ఆగస్టులో బస్రాలో ఎండ ఇంకా ముదురుతుంది కదా, అప్పటి కొలతలు కూడా కావాలట, ఈసారి డిపార్టుమెంటు తరఫున. మామయ్య పంపుతాడన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "మరి అక్కడ సరిచూసేది ఎవరు? మీ అమ్మగారినే మళ్ళీ పంపుతావా?" అని అడిగారు.

"అక్కర్లేదు సార్, మామయ్య కొలుస్తాడు" అన్నాను.

నీ కోడలు
నవార్